కాలమ్ వెనక పెళ్ళి: ఫంక్షన్ హాళ్లు కట్టిస్తున్నవారికి బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడల్లోనూ ఆ రెండూళ్ల మధ్య హైవే పొడుగునా ఫంక్షన్ హాళ్లు కట్టిస్తున్న యజమానులకు, వాటికి ప్లాన్లు గీస్తున్న ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు,

నమస్కారం.

నేనూ బిల్డింగ్ ప్లాన్లు గీసి బతికేవాణ్నే. ఈమధ్య మీరు లేపుతున్న హాళ్ల ఎలివేషన్లు, అంటే బయటి ముఖాలు, చూస్తుంటే అన్నిటి కోరికా ఒకటే అనిపిస్తోంది. ముందు వరసగా తెల్లటి స్తంభాలు, వాటి నెత్తిన ఆకుల గుత్తులు, పైన త్రికోణం, గేటు దగ్గర రెండు సింహాలు. లోపలికి వెళితే పీఓపీ పూలు, బంగారు రంగు, షాండ్లియర్లు. పేర్లలో ఎక్కడో ఒక చోట 'ప్యాలెస్' ఉండాలి, లేకపోతే 'రాయల్' అయినా ఉండాలి.

ఆ కోరికను నేను తప్పుపట్టను. పెళ్ళిరోజున ఎంత మామూలు ఇంటివాళ్లయినా రాజాలా వెలిగిపోవాలనే అనుకుంటారు. కాకపోతే, రాజులు నిజంగా తమ వేడుకల కోసం హాళ్లు కట్టించుకున్నప్పుడు వాళ్లకు ఎదురైన చిక్కులేమిటి, వాటిని ఎలా విప్పుకున్నారు అన్నది ఒక్కసారి చూసి ఆ తర్వాత కాపీ కొడితే మీకూ మాకూ మంచిది. మీ ముందు పెట్టాలనుకుంటున్న ఉదాహరణ లండన్‌లోని బాంక్వెటింగ్ హౌస్. వైట్‌హాల్ రాజమందిరంలో ఇంగ్లండ్ రాజుల విందులకీ వినోదాలకీ కట్టిన హాలు అది. నేను దాన్ని స్వయంగా చూళ్లేదు, ప్లాన్లూ సెక్షన్లూ (కట్టడాన్ని పైనుంచి కిందికి నిలువుగా కోసినట్టు గీసే బొమ్మలు) ముందేసుకుని చూశాను. ఒక కట్టడం ఎలా ఆలోచించిందో పట్టుకోవడానికి ఫొటో కంటే అవే నయం.

ఆ చోట మొదట కట్టింది రాతి భవనం కాదు, పందిరి! 1581లో ఎలిజబెత్ రాణికి ఫ్రాన్సు రాజు తమ్ముడితో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. అక్కణ్నుంచి రాయబారులు వస్తున్నారు, వాళ్లని కూర్చోబెట్టడానికి తగిన చోటు లేదు. ఓడలకు వాడే 40 అడుగుల కొయ్యలు 30 తెచ్చి పాతారు. చుట్టూ కాన్వాస్ బిగించి, బయటివైపు అచ్చం రాతి గోడలా కనబడేట్టు రంగులేశారు. 292 గాజు కిటికీలు పెట్టారు. లోపల పైకప్పు గుడ్డమీద మబ్బులు, నక్షత్రాలు, సూర్యకిరణాలు రాశారు. పచ్చని ఆకుతోరణాల మధ్య దానిమ్మకాయలు, నారింజలు, గుమ్మడికాయలు, దోసకాయలు, ద్రాక్షగుత్తులు, క్యారెట్లు వేలాడదీశారు. 375 మంది పనివాళ్లు, మూడు వారాల పైచిలుకు, ఖర్చు 1,744 పౌండ్లు. ఆనాటి చరిత్రకారుడు ఇవన్నీ లెక్క రాసిపెట్టబట్టి మనకు తెలుస్తున్నాయి. మన డెకరేషన్ కుర్రాళ్లకి ఈ కథ చెబితే, "అదేం గొప్పండీ, రేపు సాయంత్రానికి వేసేస్తాం" అంటారు. నిజమే, వేసేస్తారు. అందుకే పందిరి పనితనానికి సీమల నుంచి నమూనా తెచ్చుకోవాల్సిన అవసరం మనకెప్పుడూ లేదు. తాటాకు పందిరి కింద గాలి ఎటు నుంచి ఎటు పోవాలో, పొయ్యి ఏ మూల తవ్వాలో మన తాతలకు తెలుసు.

నాలుగు రోజుల కోసం వేసిన ఆ గుడ్డల మేడ పాతికేళ్లు నిలబడింది. తర్వాత వచ్చిన మొదటి జేమ్స్ రాజు, కుళ్లిపోయిన ఆ కట్టడాన్ని 1606లో పడగొట్టించి, పక్కాగా ఇంకొకటి కట్టించాడు. కట్టాక ముచ్చటపడి చూడ్డానికి వెళ్లాడు. కిటికీల ముందు నిలబెట్టిన స్తంభాల వల్ల లోపల సరిగా కనబడక, కట్టినాయన మీద మండిపడ్డాడట. రాజుగారి హాల్లో రాజుగారికే స్తంభం అడ్డం!

ఇది చదివినప్పుడు నాకు మా మేనకోడలి పెళ్ళి గుర్తొచ్చింది. హాలు పేరు చెప్పను. స్టేజీకి సరిగ్గా ఎదురుగా రెండున్నర అడుగుల కాలమ్, అదే, స్తంభం, దానికి గ్రానైట్ తొడుగు, దాని చుట్టూ ప్లాస్టిక్ పూలు. మా పెద్దత్తయ్య మూడో వరసలో కూర్చుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి ఆవిడ కుడివైపు వంగి, ఎడమవైపు వంగి, చివరికి గోడమీది ఎల్‌ఈడీ స్క్రీన్ వైపు తిరిగి, "ఏందయ్యా, ఇంత దూరం ఆటో కట్టించుకుని వచ్చింది టీవీలో పెళ్ళి చూడ్డానికా?" అంది. అంతలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు, పట్టపగలు పదకొండు గంటలకి, బయట ఎండ మండిపోతుంటే లోపల చీకటిగుయ్యారం. సెల్‌ఫోన్ లైట్లు వెలిగించి పట్టుకుంటే పురోహితుడు మంత్రం ఆపకుండా కానిచ్చాడు. కిటికీలు లేవా అంటే ఉన్నాయి. వాటిమీద ప్లైవుడ్ కొట్టి, వాల్‌పేపర్ అంటించి, మధ్యలో వెనిస్ కాలవల బొమ్మ వేశారు.

ఆ కాలమ్ అక్కడికి ఎలా వచ్చిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సెల్లార్‌లో కార్లు తిరిగేందుకు వీలుగా కాలమ్‌ల వరసలు, అంటే గ్రిడ్, వేస్తాం. దానిమీద హాలు. హాలు మీద విడిది గదులు రెండంతస్తులు. పైన గదుల బరువుంది కాబట్టి కాలమ్ హాలు మధ్యలోంచే కిందికి దిగుతుంది. అంటే పెళ్ళి చూడాల్సిన చోట ఏముండాలో నిర్ణయిస్తున్నది పార్కింగు, లాడ్జింగు. ఈ వరస తిరగేయండి. గదుల్ని పక్క బ్లాకుకి తోసి హాలును పై అంతస్తుకి ఎక్కిస్తే, కింది కాలమ్‌లన్నీ హాలు నేల దగ్గరే ఆగిపోతాయి. పైన మోయాల్సింది కప్పు ఒక్కటే. స్టీలు ట్రస్సులతో (గోడ నుంచి గోడకు కప్పును మోసే చట్రాలతో) ఇవాళ 80 అడుగులు దాటించడం పెద్ద విద్యేం కాదు.

దీనికి లండన్ దాకా పోనక్కర్లేదు. ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి ఖిల్లా ఎక్కితే తనీషా మహల్ కనిపిస్తుంది. రెండు కొండల నడుమ గాలి దూసుకొచ్చే చోట కట్టారు. కింద గదులు, పై అంతస్తులో పెద్ద హాలు. బాంక్వెటింగ్ హౌస్ కూడా సరిగ్గా అలాంటిదే: కింద కమానుల కప్పుతో బలమైన నేలమాళిగ, పైన హాలు. (ఆ నేలమాళిగను జేమ్స్ రాజు తన స్నేహితులతో మందు కొట్టడానికి వాడుకునేవాడు. గవ్వలతో గుహలా అలంకరించారు కూడా. మన హాళ్లలోనూ సెల్లార్‌లో ఏం జరుగుతుందో నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.) పై అంతస్తు అనగానే ముసలివాళ్ల మాటేమిటని అడుగుతారు. పెద్ద లిఫ్టులు రెండు, వెడల్పాటి మెట్లు ఒకవైపు, సాధ్యమైతే ర్యాంపు. విడిది గదులకు ఎలాగూ లిఫ్టు పెడుతున్నారుగా.

జేమ్స్ కట్టించిన ఆ రెండో హాలు పన్నెండేళ్లకే, 1619 జనవరిలో కాలి బూడిదైంది. వేడుక కోసం కట్టిన నూనెరంగుల తెరలకు నిప్పంటుకుందని ఆనాటివాళ్లు రాశారు. ఇంకా విడమర్చి చెప్పను. ఫోమ్ పూలు, థర్మాకోల్, సింథటిక్ గుడ్డ, వాటి వెనక వేడెక్కే హాలోజన్ లైట్లు, మండపం వెనకున్న అత్యవసర ద్వారానికి అడ్డంగా పేర్చిన కుర్చీలు... ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి) కాగితం గోడకి ఫ్రేమ్ కట్టి ఉంటే సరిపోదు. ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో ప్రతి ముహూర్తానికి ముందు ఒకడు వెళ్లి చూడాలి.

కాలిపోయిన చోట మూడో హాలు కట్టే పని ఇనిగో జోన్స్ చేతికొచ్చింది. 1615 నుంచి ఆయన రాజుగారి కట్టడాలన్నిటికీ సర్వేయర్, అంటే వాటిని గీసి కట్టించే పెద్ద అధికారి. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన చేసిన ఇంకో పని నా దృష్టిలో ఇంకా ముఖ్యం. దర్బారులో ఆడే మాస్క్ అనే నాట్యనాటకాలకు స్టేజీ, తెరలు, దుస్తులు అన్నీ ఆయనే తయారుచేసేవాడు. ఏ కుర్చీలోంచి ఏం కనబడుతుంది, తెర ఎప్పుడు లేస్తుంది, నాట్యానికి నేలమీద ఎంత జాగా వదలాలి అన్నది చేతులారా చేసి తెలుసుకున్న మనిషి. పేరుకు విందు మందిరమే అయినా అక్కడ ఎక్కువగా జరిగినవి ఆ నాటకాలు, రాయబారుల స్వాగతాలు, దర్బారు ఉత్సవాలు. అంటే వేడుక తెలిసినవాడే వేడుక హాలు గీశాడు. మీలో ప్లాన్లు గీసేవాళ్లు ఒక్క పెళ్ళికైనా అతిథిగా కాకుండా పని గమనించడానికి వెళ్లండి. పురోహితుడి పక్కన కూర్చోండి. క్యాటరింగ్ వాళ్లతో వంటగదిలో నిలబడండి. అన్నం డేక్సా ఇద్దరు మోసుకుంటూ ఏ తలుపులోంచి దూరలేక తిప్పలు పడుతున్నారో అక్కడైతే తెలుస్తుంది, ఆఫీసులో కూర్చుంటే తెలియదు.

1619లో మొదలైన పని 1622లో ముగిసింది. హాలు కొలత విని మీరు నవ్వొచ్చు, అంత సులువు: పొడవు 110 అడుగులు, వెడల్పు 55, ఎత్తు 55. రెండు ఘనాలు పక్కపక్కన పెట్టినట్టు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. కప్పును ఈ గోడ నుంచి ఆ గోడకు కలప ట్రస్సులు మోశాయి. రెండు పొడవు గోడలకీ కిటికీలు. సగం ఎత్తున చుట్టూ గ్యాలరీ, నిలబడి చూసేవాళ్ల కోసం. రాజుగారి ఆసనం దక్షిణం కొసన. లోపలికి అడుగు పెట్టినవాడికి మొత్తం గది ఒక్కసారిగా అర్థమవుతుంది. (శబ్దానికి మాత్రం ఇలా రెట్టింపు లెక్కల్లో ఉండే గది గొప్పదేం కాదు, కొన్ని స్వరాలే మరీ ఎక్కువగా మోగుతాయి. గోడలకి తివాసీలు వేలాడదీసేవాళ్లు కాబట్టి వాళ్లకి నడిచింది. డీజే పెట్టుకునే మనకి నడవదు. ఆ కొలతనే దించమని నేననడం లేదు.)

ఇప్పుడు మీకిష్టమైన స్తంభాల సంగతి. జోన్స్ 1613, 1614ల్లో ఇటలీ తిరిగాడు. విచెంజాలో పల్లాడియో అనే ఇటలీ ఆర్కిటెక్టు కట్టిన భవనాల్ని, పల్లాడియో పుస్తకం చేతిలో పట్టుకుని, పేజీల అంచుల్లో నోట్సు రాసుకుంటూ చూశాడు. రోమన్ల నుంచి పల్లాడియోకి, ఆయన నుంచి జోన్స్‌కి, ఆ వరసలో ఎన్ని చేతులు మారో చివరికి మన ఇన్నర్ రింగ్ రోడ్డు దాకా వచ్చాయి ఆ స్తంభాలు. జోన్స్ కట్టిన ఎలివేషన్ చూడండి. అడ్డంగా ఏడు కిటికీలు. కింద వరస అయోనిక్, అంటే తలమీద చుట్టలు చుట్టుకున్న స్తంభాలు. పై వరస ఆకుల గుత్తులవి. మధ్య మూడు కిటికీల దగ్గర గోడలోంచి సగం బయటికొచ్చిన గుండ్రటి స్తంభాలు, అటూ ఇటూ బల్లపరుపువి. పై స్తంభాల తలల మధ్య రాతిలో చెక్కిన పూలదండలు, ముఖాలు. ఇది ఊరికే పెట్టిన సోకు కాదు. బయట రెండు వరసలు విడిపోయే గీత ఎక్కడుందో, లోపల గ్యాలరీ నేల అక్కడే ఉంది. బయట స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం చూస్తే లోపల కిటికీల వరస తెలిసిపోతుంది. ఎలివేషన్ చూసి సెక్షన్ గీయొచ్చు. మన హాళ్లలో ముందు నాలుగంతస్తుల ఎత్తు ఫైబర్ స్తంభం ఉంటుంది, దాని వెనక బాత్రూమ్ వెంటిలేటర్లుంటాయి.

ఇంకో మాట. మీరు మోజుపడి వేయిస్తున్న ఆ తెలుపు కూడా అసలుది కాదు. జోన్స్ తన కట్టడానికి మూడు రకాల రాయి, మూడు ఛాయల్లో వాడాడు. ఊరంతా ఎర్ర ఇటుకలు, కలప ఇళ్లున్న రోజుల్లో అది రంగురంగుల రాతి భవనం. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే ఒకే తెలుపు, రెండు వందల ఏళ్ల తర్వాత, 1829 ప్రాంతంలో జాన్ సోన్ అనే ఇంకో ఆర్కిటెక్టు పోర్ట్‌లాండ్ రాయి తొడిగించడంతో వచ్చింది. జోన్స్ తన చుట్టుపక్కల సీమల రాయి తెచ్చుకున్నాడు. మనకు చీమకుర్తి గ్రానైట్ ఉంది, దేశాలు దాటి పోతోంది. మాచర్ల నాపరాయి ఉంది, కడప బండ ఉంది. అవి వదిలి తెల్ల పెయింటు వేసిన ఫైబర్ స్తంభం ఎందుకు? ఒక వానాకాలం గడిస్తే దానిమీద పచ్చగా నాచు దిగుతుంది. అలాగని అమరావతి స్తూపం పద్మాల్ని పీఓపీలో అచ్చు పోయించి గోడకి అంటించమని కూడా అడగట్లేదు. అదీ ఇదీ ఒకటే.

ఎత్తు దగ్గరికొద్దాం, నాకు ఎక్కువ బాధ అక్కడే. నూట ఇరవై అడుగుల పొడవున్న హాలుకి పద్నాలుగు అడుగుల దగ్గర ఫాల్స్ సీలింగ్ దించుతున్నారు. ఏసీ బిల్లు మిగులుతుందని మీ వాదన. లెక్క పూర్తిగా తప్పు కాదు, కానీ సగమే. చల్లగాలి బరువు, మనుషులున్న కిందిభాగాన్నే పట్టుకుని ఉంటుంది. వేడిగాలి పైకెక్కుతుంది. ఎత్తున్న హాల్లో ఏసీ గాలిని పది అడుగుల ఎత్తు నుంచే వదిలి, పై వేడిని కప్పు దగ్గర వెంట్లలోంచి బయటికి పంపితే మీరు చల్లబరచాల్సింది కింది పొర మాత్రమే. వెయ్యిమంది ఊపిరి, దీపాల వేడి, కూరల ఆవిరి ఎక్కడికో పోవాలి కదా. పద్నాలుగు అడుగుల కింద అవన్నీ మన నెత్తిమీదే ఉంటాయి. పైగా మాఘమాసం ముహూర్తాలకి మన దగ్గర ఏసీ ఎందుకు? కిటికీ తెరిస్తే చాలదా? తెరవడానికి కిటికీ ఉంటే! రోహిణి కార్తె సంగతి వేరు, అప్పుడు వేసుకుందాం. పడమటి గోడకు కిటికీలొద్దు, ఉత్తరం దక్షిణం పెట్టండి, పైన చజ్జా బయటికి లాగండి. మనందరికీ తెలిసిన పాఠమే ఇది.

బాంక్వెటింగ్ హౌస్ కథలో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకా చెప్పలేదు. జేమ్స్ పోయాక కొడుకు మొదటి చార్లెస్, హాలు పైకప్పుకి రూబెన్స్ అనే పేరున్న చిత్రకారుడి చేత బొమ్మలు వేయించాడు. రూబెన్స్ ఆంట్వెర్ప్‌లో కూర్చుని తొమ్మిది పెద్ద కాన్వాసులు రాసి ఓడలో పంపాడు. ప్రతిఫలం 3,000 పౌండ్లు. 1636లో కప్పుకి బిగించారు. మధ్యలో, అండాకారం ఫ్రేములో, జేమ్స్ రాజు స్వర్గానికి ఎక్కుతున్నట్టు. అద్భుతమైన పనే, ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ ఆ తర్వాత ఏమైంది? మాస్క్ నాటకాలకి వందల దివిటీలు వెలిగిస్తారు, ఆ పొగకి బొమ్మలు పాడవుతాయని భయం పట్టుకుంది. నాటకాలు హాల్లో ఆపేసి, పక్కనే కొయ్యలతో ఇంకో షెడ్డు వేశారు. ఏ వేడుక కోసం హాలు కట్టారో ఆ వేడుకనే, పైకప్పు బాగుండాలని బయటికి పంపేశారన్నమాట.

మన దగ్గర ఇది రోజూ జరుగుతోంది. "హోమం పొగ సీలింగ్‌కి తగలకూడదండి, బయట పోర్టికోలో చేసుకోండి." "తలంబ్రాలు కార్పెట్ మీద పడితే క్లీనింగ్ చార్జి." "కొబ్బరికాయ టైల్స్ మీద కొట్టొద్దు." "పసుపునీళ్లు అసలే వద్దు." బుకింగ్ కాగితం వెనక ఈ నియమాలన్నీ అచ్చేసి సంతకం పెట్టిస్తున్నారు. అగ్నిసాక్షిగా చేసుకునే పెళ్ళికి అగ్ని పనికిరాని హాలు! మండపం పైన పొగ లాగే హుడ్ ఒకటి పెట్టి, డక్టు కప్పులోంచి బయటికి తీస్తే అయిపోయే పని ఇది. వంటగదికి పెడుతున్నదే. మండపం కింద కార్పెట్ బదులు రాయి పరిచి, నీళ్లు పోయేందుకు చిన్న వాలు ఇవ్వండి. తలంబ్రాలు చీపురుతో ఊడిస్తే పోతాయి.

రూబెన్స్ బొమ్మల కిందనుంచే 1649 జనవరి 30న చార్లెస్ రాజు నడిచివెళ్లి, భవనం బయట కట్టిన వేదిక మీద తల పోగొట్టుకున్నాడు. ఆ భవనం పేరు చెప్పగానే అందరూ చెప్పే కథ అదే కాబట్టి నేను పొడిగించను. 1698లో వైట్‌హాల్ మందిరం చాలా భాగం కాలిపోయినా ఈ హాలు మిగిలింది. తర్వాత చర్చి అయింది, మ్యూజియం అయింది. ఏ పనికి వాడినా సరిపోయిందంటే, కారణం ఆ ఖాళీ గది కొలతలూ వెలుతురే.

మనకు దగ్గరి చుట్టం ఇంకొకటుంది. మద్రాసులో రెండో క్లైవు (ప్లాసీ గెలిచిన రాబర్ట్ క్లైవు కొడుకు) గవర్నరుగా ఉన్నప్పుడు, జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు గ్రీకు గుడి వాలకంలో ఒక బాంక్వెటింగ్ హాలు కట్టాడు. 1802లో ప్రారంభించారు. పొడుగాటి మెట్ల వరస, పైన త్రికోణాల్లో ప్లాసీ, శ్రీరంగపట్నం యుద్ధాల విజయచిహ్నాలు. గెలిచినవాళ్లు తిని తాగి నాట్యాలాడటానికి కట్టుకున్న హాలు. అదే హాల్లో 1938, 39ల్లో మద్రాసు శాసనసభ కూర్చుంది. అప్పటి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు, ఇవాళ విజయవాడ బ్యారేజీకి పేరున్న ఆయనే. ఇప్పుడది రాజాజీ హాలు. అన్నాదురై, ఎంజీఆర్, జయలలిత, కరుణానిధి, అందరి కడపటి దర్శనమూ ఆ మెట్ల మీదే. మెట్లు వెడల్పుగా ఉన్నాయి కాబట్టే అంత జనం చూడగలిగారు. మీ హాళ్లకి ఆ త్రికోణం కావాలని ముచ్చటపడుతున్నారు కదా, త్రికోణం వదిలేసి మెట్లు తీసుకోండి. పెళ్ళికొడుకు ఎదురుసన్నాహం, మేళం, గ్రూప్ ఫొటో, అన్నీ మెట్ల మీదే జరుగుతాయి. మనం కట్టేది ఐదడుగుల వెడల్పు మెట్లు, వాటి పక్కన చెప్పుల గుట్ట.

ఖర్చంటారా? జోన్స్ కట్టిన హాలుకి మొదట వేసిన ఎస్టిమేట్ 9,850 పౌండ్లు, తేలింది 15,600 దాటి. ఎస్టిమేటు దాటడం మన కాంట్రాక్టర్లు కనిపెట్టిన విద్య కాదని ఊరటపడదాం. కానీ మీ బిల్లులు ఒకసారి తీసి చూడండి. పీఓపీకి, ఫైబర్ స్తంభాలకి, బంగారు రంగుకి ఎంతైంది, నాలుగేళ్లకోసారి వాటిని పీకి కొత్త ఫ్యాషన్ అంటించడానికి ఎంతవుతోంది? ఆ డబ్బు మొదట్లోనే ఎత్తుకీ, కాలమ్ లేని కప్పుకీ పెడితే మళ్లీ పెట్టనక్కర్లేదు.

భోజనాల హాలు గురించి ఒక్క మాట కూడా లేకుండా ముగిస్తే క్యాటరింగ్ మిత్రులు ఊరుకోరు. పైన ప్యాలెస్, కింద సెల్లార్‌లో భోజనం అనే పద్ధతి మానండి. వంటగది భోజనాలకు ఆనుకుని, గాలి వీచే దిక్కుకి అవతల ఉండాలి. బంతి వేసి వడ్డించాలనుకునేవాళ్లకి వరసల మధ్య ఇద్దరు మనుషులు పట్టే దారి వదలండి. అందరూ బఫే వాళ్లే కారు.

మీలో కొత్త హాలు తలపెట్టినవాళ్లుంటే నాదొక విన్నపం. 3డీ ఎలివేషన్ బొమ్మ చూసి సంతకం పెట్టకండి. ముందు సెక్షన్ గీయించండి. ఆ సెక్షన్‌లో మండపం మీద పెళ్ళికూతుర్నీ, చివరి వరసలో కుర్చీలో కూర్చున్న ముసలమ్మనీ చిన్న బొమ్మలుగా వేయించి, ఆవిడ కంటి నుంచి మండపానికి గీత లాగమనండి. గీతకి ఏది అడ్డమొస్తే అది, కాలమ్ అయినా, వీడియో క్రేన్ దిమ్మె అయినా, కాగితం మీదే తీసేయించండి. స్లాబు పోశాక తీయించలేరు.

ఇట్లు,
ప్లాన్లు గీసుకునే ఒక గుంటూరువాసి